పదకొండేళ్ళ సున్నా

జంతువుల ఆసుపత్రిలో అతన్ని అందరూ కదలకయ్య అంటారు. హాజరు పుస్తకంలో వేరే పేరుంది. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే, పక్కన ఇంకెవరైనా ఉన్నారేమోనని అతనే అటూ ఇటూ చూస్తాడు. ఎక్స్‌రే బల్ల ఎక్కిన ప్రతి ప్రాణితోనూ అతను అనే మాట ఒకటే: "కదలకయ్యా." ఆడదైనా మగదైనా, కుక్కయినా కుందేలైనా, దానికి అయ్యే. పంతొమ్మిదేళ్ళుగా అన్న మాట చివరికి మనిషికే అతుక్కుంది.

అతని ఉద్యోగం జంతువుల్ని పట్టుకోవడం. వింటే అదేం పని అనిపిస్తుంది. కాలు విరిగిన కుక్కని, భయంతో ఒళ్ళంతా బిగబట్టిన పిల్లిని, నొప్పెక్కడో చెప్పలేని మేకని ఎక్స్‌రే యంత్రం కింద రెప్పపాటు కాలం కదలకుండా ఉంచాలి. కదిలితే బొమ్మ అలుక్కుపోతుంది. అలుక్కుపోయిన బొమ్మలో విరిగిన ఎముకా, విరగని ఎముకా ఒకలాగే ఉంటాయి.

కొత్తవాళ్ళు బలం పెడతారు. వాళ్ళు పెట్టినదానికి రెండింతలు జంతువు పెడుతుంది. కదలకయ్య బలం పెట్టడు. ఒక చెయ్యి మెడ వెనక, ఒక చెయ్యి తుంటి మీద, దుప్పటి కప్పినంత బరువుతో వేసి ఊరుకుంటాడు. కాసేపటికి దాని ఊపిరి అతని అరచేతికి అందుతుంది. పొట్ట బొమ్మ కావాలంటే ఊపిరి వదిలేశాక తియ్యాలి, ఛాతీ బొమ్మయితే నిండుగా పీల్చుకున్నాక. ఆ క్షణం వచ్చినప్పుడు అతను నోటితో ఏమీ చెప్పడు. భుజాలు ఒక అంగుళం కిందికి దించుతాడు. గది మూలన, కిరణాల్ని ఆపే సీసం కలిపిన అద్దం వెనక నిలబడ్డ ఆవిడ ఆ భుజాలు చూసి బటన్ నొక్కుతుంది.

ఆవిడని బటనమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది కదలకయ్యే. తనకి పేరు పెట్టినవాళ్ళలో ఆవిడ కూడా ఉందని అనుమానం వచ్చి బదులు తీర్చుకున్నాడు. ఇద్దరూ కలిసి పనిచెయ్యడం మొదలుపెట్టి పదహారేళ్ళయింది. ఒకే బొమ్మ రెండోసారి తియ్యాల్సి వచ్చిన సందర్భాలు నెలకి ఒకటో రెండో.

"మీ ఆవిడకి తెలుసా అన్నయ్యా, రోజంతా మీ భుజాలే చూస్తుంటానని," అనేది బటనమ్మ.

"తెలుసు. ఆ భుజాల మీద ఇంట్లో ఎంత బరువుందో కూడా చూసి చెప్పమంది."

పనిలో చేరిన రోజుల్లో అతనికి సీసపు కోటుతోపాటు సీసపు చేతి తొడుగులు కూడా ఇచ్చారు. కోటు ఏనాడూ మానలేదు. తొడుగులు మాత్రం వారం తిరక్కుండానే అలమారా ఎక్కాయి. అవి వేసుకుంటే చేతులకి గంతలు కట్టినట్టుంటుందనేవాడు. ఊపిరి తెలిసేది కాదు. వేళ్ళు వొంగేవి కావు. ఒకసారి ఒక పిల్లి తొడుగులోంచి జారిపోయి యంత్రం మీదికెక్కి గంటన్నర దిగలేదు. ఆ తర్వాత తొడుగుల మాట ఎవరూ ఎత్తలేదు.

పదకొండేళ్ళ కిందట బిళ్ళలు వచ్చాయి. ఎక్స్‌రే గదిలో పనిచేసేవాళ్ళ ఒంటికి ఎంత కిరణం తగిలిందో కొలిచే చిన్న ప్లాస్టిక్ బిళ్ళలు. చొక్కాకి తగిలించుకుని పనిచెయ్యాలి. మూడు నెలలకోసారి వాటిని ఒక ప్రయోగశాలకి పంపితే అక్కడ చదివి, అంకె వేసి కాగితం పంపుతారు. మొదటి నెలలోనే ఒక కుక్కపిల్ల అతని బిళ్ళని చొక్కా మీంచి లాగి నమిలేసింది. నమిలిన బిళ్ళే పంపారు. ప్రయోగశాల నుంచి ఉత్తరం వచ్చింది: బిళ్ళ విలువైన పరికరం, ఇకముందు భద్రపరచవలెను.

కదలకయ్య భద్రపరిచాడు. పొద్దున్నే బిళ్ళని ఒక పాత సబ్బుపెట్టెలో పెట్టి, కారిడార్‌లో తన సామాను ఉండే అలమారాలో దాచేవాడు. మూడు నెలలకోసారి గీత కూడా పడకుండా తీసిచ్చేవాడు. కాగితం మీద సున్నా వచ్చేది. ఎప్పుడూ అద్దం వెనకే ఉండే బటనమ్మకీ సున్నాయే వచ్చేది. పెద్ద డాక్టరు రెండు సున్నాల కింద సంతకం పెట్టి, ఫైల్లో దూర్చేవాడు. బల్ల దగ్గర నిలబడేవాడికీ అద్దం వెనక నిలబడే మనిషికీ ఒకే అంకె ఎలా వస్తుందని అడగడం ఎవరికీ తోచలేదు. సున్నాని చూసి ఎవరూ దిగులుపడరు.

బిళ్ళ దాచడం తప్పని కదలకయ్యకి ఎప్పుడు తెలిసిందీ అంటే, బిళ్ళలొచ్చిన నాలుగో ఏటనే. ఒక పరిశీలకుడు వచ్చి గోడలకి యంత్రం పెట్టి కొలుస్తూ, బిళ్ళ గదిలో ఒంటి మీద ఉంటేనే దానికి అర్థమని మాటల మధ్యలో అన్నాడు. కదలకయ్య విన్నాడు. ఆ మర్నాడు బిళ్ళ పెట్టుకుందామనే అనుకున్నాడు. ఇన్నాళ్ళ సున్నా తర్వాత ఒక్కసారిగా పెద్ద అంకె వస్తే ఏమంటారు? అంకె హద్దు దాటితే ఆ మనిషిని గదిలోంచి తీసేస్తారని అదే పరిశీలకుడు చెప్పాడు. బిళ్ళ మళ్ళీ సబ్బుపెట్టెలోకే వెళ్ళింది.

కిందటేడు కొత్త డాక్టరమ్మ వచ్చింది. జంతువుల లోపలి బొమ్మలు తియ్యడం, చదవడం గురించే ప్రత్యేకంగా రెండేళ్ళు చదువుకుని వచ్చింది. స్కానింగ్ యంత్రం ముందు కూర్చుంటే కుక్క గుండె గదుల్ని ఇల్లు అద్దెకి చూపిస్తున్నట్టు ఒక్కొక్కటీ చూపించేది. తక్కువ మాట్లాడేది. ఎవరినీ కసిరేది కాదు. అందువల్ల ఆవిడంటే అందరికీ కొంచెం భయం.

చేరిన మూడో నెలలో ఒక ముసలి కుక్క తుంటి కీలు ఏడాదేడాదికీ ఎలా అరిగిందో చూడాలని, కంప్యూటర్లో పాత బొమ్మలు తెరిచింది. డాక్టర్లకి వెళ్ళే బొమ్మలన్నీ బటనమ్మ అంచులు కత్తిరించి చక్కగా పంపేది. కొత్త డాక్టరమ్మ కత్తిరించనివి తెరిచింది. కుక్క తుంటి పక్కన, బొమ్మ అంచున, మూడు మనిషి వేళ్ళు. గోళ్ళ దగ్గరి సన్న ఎముకల దాకా స్పష్టంగా ఉన్నాయి.

ఆవిడ ఇంకో బొమ్మ తెరిచింది. ఇంకో నలభై తెరిచింది. తర్వాత బటనమ్మని పిలిచింది.

"ఈ వేళ్ళు ఎవరివి?"

"మా అన్నయ్యవే మేడమ్. ఆ చూపుడువేలు కొంచెం వంకర, చూశారా. అందుకే నేను కత్తిరించేస్తుంటాను, చూడ్డానికి బావుండదని."

డాక్టరమ్మ నవ్వలేదు. బటనమ్మ నవ్వబోయి ఆగింది.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ కదలకయ్యని తన గదికి పిలిచి, చేతులు చూపించమంది. కుడిచేతి చూపుడువేలి కొస చర్మం ఎండిన కాగితంలా గరుకుగా ఉంది. గోరు నిలువునా చీలి నల్లగీతలు పడింది. గోరు పక్కన ఒక పగులు.

"ఇది ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాదవుతుందేమో మేడమ్. ఫినాయిలు నీళ్ళు. మానినట్టే మాని మళ్ళీ పగులుతోంది."

"ఫినాయిలు నీళ్ళు ఒక్క చేతికే తగులుతాయా?"

అతను ఎడమచెయ్యి చూసుకున్నాడు. అది కూడా గరుకుగానే ఉంది కానీ పగల్లేదు. ఎక్కువగా కిరణం పడే వైపుండేది కుడిచెయ్యి.

ఆవిడ ఫైలు ముందుకి జరిపింది. "ఛాతీ మీద పెట్టుకునే బిళ్ళ వేళ్ళకి తగిలింది చెప్పదు, నిజమే. కానీ వేళ్ళు ఇన్నిసార్లు కిరణంలో ఉన్న మనిషి ఒంటి మీది బిళ్ళకి పదకొండేళ్ళు సున్నా రాదు. మీరు బిళ్ళ ఎక్కడ పెట్టుకుంటారు?"

"చొక్కాకే మేడమ్."

"కోటు లోపలా?"

"లోపలే."

ఆవిడ అతని మొహం చూసింది. అతను ఫైలు చూశాడు. "సరే," అంది ఆవిడ. ముందు చర్మం డాక్టరుకి చూపించుకోమని కాగితం రాసిచ్చింది. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నాడు గానీ, వెళ్ళలేదు.

ఇంట్లో అతని భార్య కుట్టుపని చేస్తుంది. చుట్టుపక్కల నాలుగు వీధుల జాకెట్లు ఆవిడవే. ఆ వేలి సంగతి అందరికన్నా ముందు పట్టుకున్నది ఆవిడే. పట్టుబట్ట మడతపెట్టమని ఇస్తే, అతని వేలికి తగిలి దారం లేచింది.

"మీ చేతికి బట్ట ఇవ్వడం కన్నా పిల్లికి ఇవ్వడం నయం," అంది ఆ వారంలో రెండోసారి దారం లేచినప్పుడు. "ఆ కాగితం ఏంటి, జేబులో? చొక్కా ఉతకడానికి తీస్తే కనపడింది."

"కొత్త డాక్టరమ్మ రాసింది."

"జంతువుల డాక్టరు రాసిన చీటీ మనుషుల డాక్టరు తీసుకుంటాడా?"

"అదే నేనూ అనుకుంటున్నా."

"అనుకుంటూ ఎన్నాళ్ళు కూర్చుంటారు? వెళ్తే ఏమవుతుంది?"

వెళ్తే ఆ డాక్టరు ఏం పని చేస్తావని అడుగుతాడు. అక్కణ్ణుంచి మాట మాట పట్టుకుని సబ్బుపెట్టె దాకా వస్తుంది. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళ నాలుగు నెలలుంది. ఆ రెండేళ్ళూ ఆ బల్ల దగ్గరే గడవాలని తప్ప అతనికి పెద్ద కోరికలేమీ లేవు. ఇంట్లో, వీధిలో, బస్సులో అతను మామూలు మనిషి. ఆ బల్ల దగ్గర మాత్రం డాక్టర్లు కూడా మాట తగ్గించి, అతను సిద్ధమయ్యేదాకా ఆగుతారు.

డాక్టరమ్మ తన పద్ధతి తాను మొదలుపెట్టింది. వీలైన జంతువులన్నిటికీ మత్తు సూది ఇచ్చి, ఇసుక సంచులు, స్పాంజి ముక్కల మధ్య పడుకోబెట్టి, అందరూ అద్దం వెనక్కి వచ్చాక బొమ్మ తీసేది. బొమ్మలు బాగానే వచ్చేవి. కాకపోతే ఒక్కోదానికి అరగంట పట్టేది. వరండాలో జనం పెరిగారు. పెద్ద డాక్టరు గడియారం చూసుకోవడం పెరిగింది. ఆవిడ సెలవు పెట్టిన రోజున కదలకయ్య గదిలోకి వెళ్ళి మధ్యాహ్నానికల్లా పదిహేడు బొమ్మలు ముగించాడు.

శనివారం పెద్ద డాక్టరు తన గదిలో ముగ్గురినీ కూర్చోబెట్టాడు. మంచివాడే. ఏ సమస్యనైనా భోజనం వేళకి తేల్చేయాలనుకుంటాడు.

"ఇలా సాగదు," అన్నాడు. "పెద్ద పెద్ద కుక్కలు వస్తున్నాయి. అన్నిటికీ మత్తు ఇస్తూ కూర్చుంటే సగం మంది తిరిగి వెళ్ళిపోతున్నారు. పట్టుకోవడానికి ఇంకో మనిషుంటే చాలు. నేను యంత్రం వాళ్ళతో మాట్లాడాను. బటన్ బదులు కాలితో తొక్కే మీట బల్ల కిందే బిగిస్తారట. అప్పుడు బటనమ్మ కూడా బల్ల దగ్గరే ఉండి, తల వైపు తను పట్టుకోవచ్చు, కాలితో తొక్కనూవచ్చు."

"అద్దం వెనక ఉండాల్సిన మనిషిని బల్ల దగ్గరికి తేవడమా సార్?" అంది కొత్త డాక్టరమ్మ.

"అమ్మా, నువ్వు చదువుకున్నది నేను కాదనను. కానీ ఇదిగో." ఫైలు తెరిచి, కాగితాలు ఒక్కొక్కటీ తిప్పాడు. "పదకొండేళ్ళు. రోజుకి పదిహేను, ఇరవై జంతువుల్ని పట్టుకున్న మనిషి. సున్నా. సున్నా. ఇదీ సున్నా. పట్టుకుంటే ప్రమాదమనడానికి నీ దగ్గరేముంది?"

"ఆయన వేలుంది."

"ఫినాయిలు అంటున్నాడుగా."

డాక్టరమ్మ కదలకయ్య వైపు చూసింది.

"ఏమ్మా, నీకేమైనా ఇబ్బందా?" పెద్ద డాక్టరు బటనమ్మని అడిగాడు.

"నాకేం ఇబ్బంది సార్. అన్నయ్యకి ఏమీ కానిది నాకవుతుందా. కాకపోతే ఈయన భుజాలు చూడ్డం అలవాటైంది, పక్కన నిలబడితే ఎప్పుడు తొక్కాలో తెలీదు. గిల్లండి అన్నయ్యా, తొక్కుతాను."

పెద్ద డాక్టరు నవ్వాడు. బటనమ్మ చేతులు బల్ల మీద ఉన్నాయి. సన్నటి వేళ్ళు, పొట్టిగా కత్తిరించిన గోళ్ళు. ఎక్కడా ఒక గీత లేదు. ఆవిడ కూతురికి వీణ నేర్పుతుందనీ, సాయంత్రాలు తనే కూర్చుని వాయించి చూపిస్తుందనీ కదలకయ్యకి తెలుసు.

"మీట ఎప్పుడు బిగిస్తారు సార్?" అన్నాడు.

"సోమవారం."

"ఒక్క నిమిషం సార్." లేచి బయటికి వెళ్ళాడు. పనివాళ్ళు నీళ్ళకో, చేతులు కడుక్కోవడానికో అలా లేచి వెళ్తూనే ఉంటారు కనుక ఎవరూ పట్టించుకోలేదు. పెద్ద డాక్టరు మీట ఎక్కడ బిగించాలో కాగితం మీద గీస్తున్నాడు. కదలకయ్య తిరిగొచ్చి ఆ కాగితం పక్కన సబ్బుపెట్టె పెట్టాడు.

"ఏమిటిది?"

"బిళ్ళ సార్. ఇందులోనే ఉంటుంది. కారిడార్లో, నా అలమారాలో. గదిలోకి ఎప్పుడూ రాలేదు."

పెద్ద డాక్టరు మూత తీసి చూశాడు. బిళ్ళ కొత్తదానిలా మెరుస్తోంది. మూత పెట్టేశాడు.

"ఎప్పట్నుంచి?"

"కుక్కపిల్ల నమిలినప్పట్నుంచి సార్. భద్రపరచమని రాశారు."

"భద్రపరచమంటే దాచుకోమనా అర్థం?"

"మొదట్లో తెలీదు సార్. తర్వాత తెలిసింది. తెలిసి ఏడేళ్ళయింది."

కొత్త డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మొన్న అడిగితే చొక్కాకే అన్నారు."

"అన్నాను మేడమ్. అబద్ధమే."

"ఇప్పుడెందుకు చెప్తున్నావయ్యా," అన్నాడు పెద్ద డాక్టరు. అతని గొంతులో కోపంకన్నా విసుగు ఎక్కువుంది. ఆ పదకొండేళ్ళ కాగితాల మీదా ఉన్న సంతకం అతనిది. "నోరు మూసుకుని ఉంటే నీ పని నీకుండేది."

"ఆ సున్నా చూపించి ఈవిడని కూడా చేతులు పెట్టమంటున్నారుగా సార్. ఆ సున్నా లేదు."

బటనమ్మ తన చేతుల్ని బల్ల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "పదహారేళ్ళు పక్కనే ఉన్నాను. నాక్కూడా చెప్పలేదే మీరు."

"చెప్తే నువ్వు ఊరుకుంటావా?"

"ఊరుకోను."

"అందుకే."

ఆ రోజు భోజనం వేళకి ఏమీ తేలలేదు. డాక్టరమ్మ ప్రయోగశాలకి ఉత్తరం రాసింది. వాళ్ళు ఒక పట్టిక పంపారు: ఎన్నేళ్ళు, రోజుకి ఎన్ని, చేతులు ఎంత దూరంలో, తొడుగులు వాడారా. వారంపాటు సాయంత్రాలు ఆవిడా, బటనమ్మా కంప్యూటర్ ముందు కూర్చుని కత్తిరించని బొమ్మల్లో వేళ్ళు కనిపించినవి లెక్కపెట్టారు. కదలకయ్య పక్కనే కుర్చీలో కూర్చున్నాడు. ఇది ఏ జంతువని అడిగితే చెప్పేవాడు. చాలా వాటికి చెప్పగలిగాడు. వేళ్ళెలా పెట్టాడో చూస్తే, జంతువు ఎలాంటిదో గుర్తుకొచ్చేది.

చర్మం డాక్టరు వేలి కొస నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. జంతువుల డాక్టరు రాసిన చీటీని ఏ అభ్యంతరమూ లేకుండా తీసుకున్నాడు. రిపోర్టు చదివి, ఇది ఇంకా క్యాన్సరు పుండు కాలేదు గానీ ఆ దారిలో ఉందన్నాడు. గోరూ, దాని కింది చర్మమూ తీసేసి, అరచేతి చర్మం అతికించారు. మిగతా వేళ్ళని ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. ఆపరేషన్ అయ్యాక భార్య అతనికి అన్నం కలిపి పెడుతూ అడిగింది.

"ఆ గదిలోకి ఇక రానివ్వరా?"

"రానివ్వరు."

"వేలు మానాక కూడా?"

"మానాక కూడా. కాగితం వచ్చింది."

ఆవిడ ఇంకో ముద్ద కలిపింది. "నాకు ముందే చెప్పి ఉంటే ఆ సబ్బుపెట్టె ఆనాడే వీధిలో విసిరేసేదాన్ని."

"తెలుసు."

పెద్ద డాక్టరుకి పైనుంచి ఒక మందలింపు వచ్చింది. మీట మాట ఆగిపోయింది. తొడుగులు కొత్తవి తెప్పించారు గానీ, వాటిని వాడాల్సిన అవసరం కూడా చాలా తక్కువగానే వస్తోంది. వరండాలో జనం పెరిగినట్టే పెరిగి, అలవాటుపడి, టైము చెప్పించుకుని రావడం నేర్చుకున్నారు.

రెండు నెలల సెలవు తర్వాత కదలకయ్యని ముందు గదిలో వేశారు. వచ్చిన జంతువుని తూకం యంత్రం మీద నిలబెట్టి బరువు రాయాలి. మత్తు మందు ఎంతివ్వాలో బరువుని బట్టే ఉంటుంది. కడుపు ఖాళీగా ఉందో లేదో కూడా అడిగి రాయాలి. నిండు కడుపుతో మత్తిస్తే జంతువు కక్కుకోవచ్చు, అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. యజమానులు ఈ ఒక్క విషయంలో నిజం చెప్పరని అతనికి నాలుగు రోజుల్లో అర్థమైంది.

ఒక మంగళవారం ఉదయం ఒకాయన మూడు చక్రాల తొట్టిబండిలో ముసలి కుక్కని తీసుకొచ్చాడు. వెనక కాళ్ళు ఈడుస్తోంది. వెన్ను బొమ్మ తియ్యాలి. చాలా దూరం నుంచి వచ్చామన్నాడు.

"ఇక్కడ సూది లేకుండా పట్టుకునే మనిషున్నాడని చెప్పారండి. ఆయన చెయ్యి వేస్తే ఎలాంటి కుక్కయినా పడుకుంటుందట. ముసలిది కదా, మత్తంటే మా ఆవిడ భయపడుతోంది."

"ఇప్పుడు ఇక్కడ ఎవరూ పట్టుకోవడం లేదండి," అన్నాడు కదలకయ్య. "ముసలివాటికి తగ్గించి ఇస్తారు. పక్కనే డాక్టరమ్మ ఉంటుంది, గుండె చూస్తూ. పొద్దున ఏమైనా పెట్టారా?"

"ఏమీ లేదండి."

కదలకయ్య వంగి, తూకం మీదున్న కుక్క దవడ పక్కన చూశాడు. మీసాల మీద తెల్లటి చుక్క ఎండిపోయి ఉంది.

"పాలా?"

ఆయన కాసేపు తూకం యంత్రం అంకె చూశాడు. "కొంచెమే. బండిలో ఏడుస్తుంటే."

"కొంచెమైనా ఇవాళ కుదరదు." కదలకయ్య పుస్తకంలో బరువు రాసి, దాని పక్కన రేపటి తేదీ వేశాడు. "రేపు పదింటికి మొదటి పేరు మీదే. రాత్రి ఎనిమిది తర్వాత ఏమీ పెట్టొద్దు. నీళ్ళు మాత్రం తెల్లారేదాకా పెట్టొచ్చు."

"ఏడుస్తుందండి."

"ఏడుస్తుంది. ఏడ్చినా పెట్టొద్దు."

ఆయన తలూపి, కుక్కని ఎత్తి తొట్టిబండిలో పెట్టి, బండి తిప్పుకున్నాడు. కదలకయ్య తూకం యంత్రం తుడిచి తర్వాతి వాళ్ళని పిలిచాడు.